ఎల్.ఎ.డి.లో నా కాపురం

నా పొడవు 28 మిల్లీమీటర్లు. పూర్తిగా విచ్చుకుంటే వెడల్పు మూడు. ఒళ్ళంతా కోబాల్ట్ క్రోమియం తీగ. దాని మందం 60 మైక్రాన్లు, ఇంచుమించు తలవెంట్రుకంత. పుట్టిల్లు సూరత్. మెట్టినిల్లు తెనాలిలో రిటైరైన ఒక లెక్కల మాస్టారి గుండె, అందులోనూ డాక్టర్లు ఎల్.ఎ.డి. అని పిలిచే పెద్ద రక్తనాళం. "మాస్టారికి స్టెంటు వేశారట!" అని వీధంతా చెప్పుకున్నారు. వాళ్ళ గొంతులో జాలి ఉంది గానీ, నాకు మాత్రం గర్వంగానే ఉండేది, అప్పట్లో.

గర్వపడదగ్గ వంశమే మాది. 1977 సెప్టెంబరు 16న జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ మొదటిసారి మనిషి గుండె నాళంలోకి బెలూన్ పంపి అడ్డును నొక్కేశాడు. ఆ బెలూన్లను ఆయన వంటింటి బల్ల మీద కూర్చుని తయారుచేసుకునేవాడట. చిక్కల్లా ఏమిటంటే బెలూన్ వచ్చేశాక నాళం మళ్ళీ ముడుచుకునేది. లోపల ఎవరో ఒకరు నిలబడి ఉండాలి. 1986లో టూలూజ్‌లో జాక్ పుయెల్, లొసాన్‌లో ఉల్రిచ్ సిగ్వర్ట్ మా పూర్వీకుల్ని అలా నిలబెట్టారు. హైదరాబాదులోనూ మాకు చుట్టరికం ఉంది: అబ్దుల్ కలాం, డాక్టర్ సోమరాజు కలిసి చవకగా తయారుచేయించిన కలాం-రాజు స్టెంటు.

వాళ్ళంతా ఉత్త లోహం. లోహం ఒత్తుకున్న చోట నాళం గోడ గాయం మాన్పుకోబోయి అతిగా పెరిగేది. నూటికి ఇరవై ముప్పై మందికి దారి మళ్ళీ పూడుకుపోయేది. అందుకని ఆ అతి పెరుగుదలను ఆపే మందు నా ఒంటికి పూశారు. దాని పేరు సిరోలిమస్. దాని కథ నా కథ కంటే బాగుంటుంది. 1964లో ఈస్టర్ ద్వీపానికి వెళ్ళిన కెనడా బృందం తెచ్చిన మట్టిలో ఒక సూక్ష్మజీవి దొరికింది. దాన్నుంచి ఈ మందు తీసింది మాంట్రియల్‌లో ఒక కంపెనీలో పనిచేసిన సురేన్ సెహగల్, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో చదువుకున్నవాడు. ముందు ఫంగస్ మందు అనుకున్నారు. కంపెనీ ఆ పని ఆపేస్తే, ఆయన ఆ సూక్ష్మజీవిని పారేయడం ఇష్టంలేక ఇంటి ఫ్రిజ్‌లో దాచుకున్నాడు. ఆ ఫ్రిజ్ కరెంటు ఎప్పుడైనా పోయి ఉంటే నేనెక్కడ ఉండేదాన్నో!

2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం మందు పూసిన స్టెంటు ధరను 29,600 రూపాయలకు కట్టేసింది. అంతకుముందు లక్ష దాటిన రోజులున్నాయి. చవకైతే నాణ్యత ఉంటుందా అని పెదవి విరిచేవాళ్ళకు నా దగ్గర జవాబుంది. యూరప్‌లో ఏడు దేశాల్లో 1,435 మందికి, మా సూరత్ సుప్రాఫ్లెక్స్‌నో పేరుమోసిన అమెరికా స్టెంటు జైయెన్స్‌నో చీటీ వేసినట్టు ఎంచి పెట్టి చూశారు. ఏడాది తిరిగేసరికి ఇబ్బంది వచ్చినవాళ్ళు మావైపు నూటికి 4.9, వాళ్ళవైపు 5.3. 2019లో లాన్సెట్‌లో అచ్చయింది.

ఇక మాస్టారి సంగతి. రెండో అంతస్తు మెట్లెక్కితే ఛాతీలో బరువు, ఆగితే తగ్గేది. నెలల తరబడి అంతే. యాంజియోలో ఎనభై శాతం బ్లాక్ కనిపించింది. "ముందు మాత్రలతో చూద్దాం, తగ్గకపోతే అప్పుడు ఆలోచిద్దాం" అని డాక్టరుగారు అన్నారు. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. డాలస్ నుంచి కొడుకు, "నాన్నా, రిస్క్ వద్దు, వేయించేయండి" అన్నాడు. బావమరిది, "బావా, కాలవలో అడ్డం పడితే తీయిస్తాం గదా!" అన్నాడు. అలా మణికట్టు నాళంలోంచి నా ప్రయాణం సాగింది.

డాక్టరుగారి మాటకు ఆధారం ఉందని తర్వాత తెలిసింది. లండన్‌లో రాషా అల్-లామీ అనే డాక్టరమ్మ, ఆమె జట్టు ఆర్బిటా అనే పరీక్ష చేశారు. నా గర్వాన్ని దించింది అదే. మాస్టారి లాంటి నొప్పి ఉన్న 200 మందికి ఆరు వారాలు మందులు బాగా సర్దారు. తర్వాత అందర్నీ క్యాథ్ ల్యాబ్‌కి తీసుకెళ్ళి, మత్తిచ్చి, చెవుల్లో పాటలు పెట్టారు. సుమారు సగం మందికి స్టెంటు వేశారు, మిగతావాళ్ళకి వేసినట్టు నటించారు. ఎవరికి ఏది జరిగిందో రోగికీ తెలియదు, తర్వాత చూసుకునే డాక్టరుకీ తెలియదు. ఆరు వారాల తర్వాత ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తే స్టెంటు ఉన్నవాళ్ళు పదహారున్నర సెకన్లు ఎక్కువ నడిచారు. అది లెక్కలోకి రాని తేడా అన్నారు. 2017లో ఆ ఫలితం వచ్చినప్పుడు మా జాతి తలెత్తుకోలేకపోయింది. ఆ తర్వాత 37 దేశాల్లో 5,179 మందితో చేసిన ఇస్కీమియా పరీక్ష ఇంకో మాట చెప్పింది: నిలకడగా ఉన్న జబ్బులో ముందే స్టెంటో బైపాసో చేసినంత మాత్రాన ఆయుష్షు పెరగలేదు.

2023లో ఆర్బిటా జట్టే ఛాతీ నొప్పి తగ్గించే మాత్రలు ఆపించి 301 మందిలో మళ్ళీ చూసింది. ఈసారి స్టెంటు వేయించుకున్నవాళ్ళకు నొప్పి నిజంగానే తగ్గింది, అందరికీ పూర్తిగా పోకపోయినా. అంటే నేను మాస్టారిని మెట్లెక్కించగలను, ఆయుర్దాయం రాసివ్వలేను. గుండెపోటు మాట వేరు. నాళం పూర్తిగా మూసుకుని కండరం చచ్చిపోతుంటే, గంటల్లోపల నన్ను పెడితే ప్రాణం నిలబెడతాను. అక్కడ నాకు ఏ మొహమాటమూ లేదు.

బావమరిది కాలవ లెక్క తప్పేది ఇక్కడే. గుండెపోటు తెచ్చే కొవ్వు గడ్డ చాలాసార్లు నాళంలో ఇంకోచోట, చిన్న బ్లాక్‌లో పగులుతుంది. నేను కాసేది 28 మిల్లీమీటర్లే. తక్కినదంతా కాసేవి స్టాటిన్ మాత్ర, బీపీ మాత్ర, మానేసిన సిగరెట్టు. మాస్టారు సిగరెట్టు మానేశారు, అది మాత్రం స్టెంటు వేయించుకున్న భయంతోనే. ఆ మేరకు నాకూ కొంత పుణ్యం.

మొదట్లో నన్ను చూస్తే రక్తం గడ్డకట్టబోతుంది. అందుకే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వేయాలి. పందిరి మీద బీరతీగ పాకినట్టు నాళపు పొర మెల్లగా నా మీదికి పాకేదాకా ఆపకూడదు. నా ముందుతరం మందు స్టెంట్లలో ఆ పొర ఆలస్యంగా పాకేది. ఆలస్యంగా గడ్డలు కడుతున్నాయని 2006లో బార్సిలోనా సభలో పెద్ద గొడవే అయింది. మూడో నెలలో మాస్టారికి పన్ను నొప్పి వచ్చింది. పక్కింటాయన మాట విని రెండు మాత్రలూ ఆపబోయారు. "ఏమండీ, అడక్కుండా ఎలా ఆపుతారు?" అని అమ్మగారు డాక్టరుకి ఫోన్ కలిపారు. మాత్రలు ఆపొద్దు, పన్ను పీకించడం ఇప్పుడే వద్దు అని ఆయన అన్నారు. నేను బతికిపోయాను, మాస్టారూ బతికిపోయారు.

ఆరు నెలలయ్యాక ఒకటే మాత్ర చాలన్నారు. ఏది ఉంచాలన్నది మాస్టారి తాజా సందేహం. ఎక్కువమందికి అలవాటైంది ఆస్పిరిన్. కొరియాలో స్టెంటు వేయించుకున్న 5,530 మందిని రెండేళ్ళు చూస్తే క్లోపిడోగ్రెల్‌తోనే గండాలు తక్కువని 2021లో తేలింది. ఈ కబురు డాలస్ అబ్బాయి వాట్సాప్‌లో పంపాడు. మాస్టారు ఆ కాగితం ప్రింటు తీయించి, అంకెల కింద ఎర్ర గీతలు గీసి, వచ్చే చెకప్ ఫైల్లో పెట్టుకున్నారు.