నన్ను తాకని భీముడు

నా ఒంటి మీది గరుకు గీతల్లో ఎందరి అరచేతుల చర్మం ఇరుక్కుందో నాకే తెలియదు. దింపు తీసేవాళ్లు, పడవ సరంగులు, కాలేజీ కుర్రాళ్లు, కల్లాల్లో బస్తాలు మోసేవాళ్లు, అందరూ నన్ను ఎత్తారు. ఎవరి పేరు తలుచుకుని ఎత్తారో ఆయన మాత్రం నన్ను ఒక్కసారి కూడా తాకలేదు. దండమూడి రాజగోపాలరావు గారు. ఆయనది కృష్ణా జిల్లా, నాది కోనసీమ. అమలాపురం దగ్గర ఒక తాలింఖానాలో బరువులెత్తే రాడ్డుగా బతికాను. ఆయన కథ పక్కన పెట్టి నా కథ చెప్పమంటే నా వల్ల కాదు.

నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. కొలిమి, లేతు, పోత అచ్చులు. ఏడడుగుల పొడవు, రెండు చివర్లా లావుపాటి గొట్టాలు, ఆ గొట్టాలకు తొడిగే పోత ఇనుప ప్లేట్లు. ప్లేట్ల మీద బరువు పౌన్లలో ఉండేది, అన్నిటికన్నా పెద్దది 45. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో రాజమండ్రి దాకా గూడ్సు బండిలో, అక్కణ్ణించి కాలువ మీద పడవలో వచ్చాను. రేవులో నన్ను దించిన మనిషి "ఇదేటండి, ఇంత బరువుంది" అన్నాడు. ఆ మాట నాకు సన్మానంలా వినిపించింది.

మా తాలింఖానా తాటాకుల పాక. లోపల గోదా, గోడకు ఆంజనేయస్వామి పటం, మూలన గదలు, కర్రసాము కర్రలు. దసరా వస్తే అమలాపురం వీధుల్లో చెడీ తాలింఖానా ఊరేగుతుంది. కత్తులు తిప్పుతూ, కళ్లకు గంతలు కట్టుకుని సాము చేస్తూ సాగే ఆ ఊరేగింపు కోసం కుర్రాళ్లు నెలల తరబడి ఒళ్లు వంచేవాళ్లు. వీధిలో జనం చూసేది కత్తుల మెరుపునే. ఆ కత్తి పట్టిన చెయ్యి పాకలో నా దగ్గర గట్టిపడిందన్న సంగతి మా వస్తాదు గారికి తెలుసు, నాకు తెలుసు.

ఆంజనేయస్వామి పటం పక్కనే పత్రికలోంచి కత్తిరించి అంటించిన బొమ్మ ఒకటి ఉండేది. విశాలమైన ఛాతీ, దుంగల్లాంటి భుజాలు. అది రాజగోపాలరావు గారి బొమ్మ. వస్తాదు గారు రోజూ స్వామికి దణ్ణం పెట్టి, ఆ బొమ్మకేసి ఒకసారి చూసి, అప్పుడు నా మీద చెయ్యి వేసేవారు.

ఆయన 1916లో కృష్ణా జిల్లా గండిగుంటలో పుట్టారు. అప్పటికి తెలుగునాట బలం అనగానే గుర్తొచ్చే పేరు కోడి రామమూర్తి నాయుడిది. వీరఘట్టంలో పుట్టి, సర్కస్ పెట్టి, గుండెల మీద ఏనుగును ఎక్కించుకుని, కార్లను కదలకుండా ఆపి జనాన్ని ఊపిరి బిగబట్టించిన మనిషి ఆయన. అది ప్రదర్శన బలం. రాజగోపాలరావు గారి తరం నాటికి బలానికి కొలత వచ్చింది. ఇన్ని పౌన్లు, ఇన్ని ప్రయత్నాలు, ముగ్గురు రిఫరీలు. ఏనుగుకు బదులు నాలాంటి రాడ్డు వచ్చింది. అది మా జాతికి దక్కిన గౌరవమని నేను ఇప్పటికీ నమ్ముతాను. ఎందుకంటే నా ముందు మోసం చెల్లదు. లేస్తే లేచినట్టు, లేవకపోతే లేవనట్టు.

ఆ కొలతలో ఆయన దేశానికి హెవీవెయిట్ చాంపియన్ అయ్యారు. ఒక్కసారి గెలిచి ఊరుకోలేదు, నలభైలలోనూ యాభైలలోనూ ఆ పట్టం ఆయన దగ్గరే తిరిగింది. ఆంధ్రా భీముడన్నారు, ఇండియన్ టార్జాన్ అన్నారు. హెవీవెయిట్ అంటే పైన హద్దు లేని విభాగం. కింది విభాగాల్లో మనిషి ఒళ్లు తగ్గించుకుని త్రాసులో ఇమడాలి. ఇక్కడ అలాంటి తిప్పలు లేవు. ఎంత పెద్ద మనిషైనా రావచ్చు, ఎంత బరువైనా పెట్టవచ్చు.

1951 మార్చిలో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగాయి. వచ్చినవి పదకొండు దేశాలు, పెట్టినవి ఆరే ఆరు రకాల ఆటలు. ఆ ఆరింటిలో మా బరువులెత్తడం ఒకటి. స్వతంత్రం వచ్చి నాలుగేళ్లు కూడా నిండని దేశం పక్క దేశాలన్నిటినీ తన ఇంటికి పిలుచుకున్న పండుగ అది. ఇరాన్ నుంచి వచ్చినవాళ్లు బరువుల్లో కొమ్ములు తిరిగిన మొనగాళ్లు. అలాంటి బరిలో హెవీవెయిట్ విభాగంలో రాజగోపాలరావు గారు కాంస్యం గెలిచారు. ఆ రోజు ఆయన చేతిలో ఉన్న రాడ్డు ఎవరో నాకు తెలియదు. దాని మీద నాకు ఈర్ష్య ఉంది, దాచుకోను.

అదే కాలంలో ప్రపంచం మీద హెవీవెయిట్ రాజు అమెరికాకు చెందిన జాన్ డేవిస్. 1948లోనూ 1952లోనూ ఒలింపిక్ స్వర్ణం ఆయనదే. ఆ తర్వాత 1956 మెల్‌బోర్న్‌లో పాల్ ఆండర్సన్, అర్జెంటీనా మనిషి సెల్వెట్టీ చెరో 500 కిలోలు ఎత్తి సమానంగా నిలిచారు. ఇద్దరిలో ఒళ్లు తేలికైనవాడు ఆండర్సన్ కాబట్టి స్వర్ణం అతనికి వెళ్లింది. ఈ సంగతి పత్రికలో వచ్చిన రోజు వస్తాదు గారు పాకలో అందరికీ చదివి వినిపించారు. ఒక కుర్రాడు "అయితే మనం తక్కువ తినాలాండి?" అనడిగితే, "నానబెట్టిన శెనగలు మానేసి చూడు, నీ సంగతి రాడ్డే చెబుద్ది" అన్నారు.

ఆ 500 కిలోలు మూడు ఎత్తుల మొత్తం. స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్, వాటికి ముందు ప్రెస్. ఈ ప్రెస్ గురించి కాస్త ఆగి చెప్పాలి. నన్ను నేల మీంచి భుజాల మీదికి తెచ్చుకోవాలి. అక్కడ కదలకుండా నిలబడి రిఫరీ సైగ కోసం చూడాలి. సైగ రాగానే మోకాలు వంచకుండా, ఎగరకుండా, వట్టి భుజబలంతో తల మీదికి నెట్టాలి. స్నాచ్ మెరుపు, కంటికి అందదు. జెర్క్‌లో కాళ్లు సాయం వస్తాయి. ప్రెస్‌లో మాత్రం మనిషి, నేను తప్ప మూడోవారు లేరు. నుదుటి దగ్గరికి వచ్చేసరికి నేను ఆగిపోతాను. అతని చేతులు వణుకుతాయి, గొంతు నరాలు ఉబ్బుతాయి. అక్కణ్ణించి పైకి వెళ్లే ఆ జానెడు దూరంలో మనిషి ఏమిటో నాకు తెలిసిపోయేది. "ఒరేయ్, నడుం వెనక్కి వాలిందంటే దండమూడి గారి ముందు పరువు పోద్దిరా!" అని వస్తాదు గారు అరిచేవారు. బొమ్మ ముందు పరువు పోతుందని భయపడి నడుం నిటారుగా పెట్టిన కుర్రాళ్లను నేను చూశాను.

1963లో 'నర్తనశాల' వచ్చింది. అందులో భీముడి వేషం రాజగోపాలరావు గారిది. ఎన్టీ రామారావు బృహన్నల, సావిత్రి ద్రౌపది, ఎస్వీ రంగారావు కీచకుడు. వంటవాడు వలలుడిగా విరాటుడి కొలువులో దాగిన భీముడు, నెల్లూరు కాంతారావుతో మల్లయుద్ధం చేస్తాడు. సినిమా చూసి వచ్చిన రాత్రి మా కుర్రాళ్లకు నిద్ర లేదు. మర్నాడు చీకటితోనే పాక నిండిపోయింది. అట్ట గదలు పట్టుకుని, దూది కుక్కిన భుజాలతో భీముళ్లయ్యే కాలంలో, నిజంగా బరువులెత్తిన ఒంటితో ఒక భీముడు తెర మీదికి వచ్చాడు. కీచకుడిగా రంగారావు గారికి జకార్తా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది, అది న్యాయమే. కానీ ఆ కీచకుణ్ణి చంపగలడని చూసేవాళ్లకు నమ్మకం కలగాలంటే ఎదుట అలాంటి భీముడు ఉండాలి కదా! ఈ మాట ఎవరూ రాయలేదు, అందుకే నేను చెబుతున్నాను.

తర్వాత నాకు మొదటి దెబ్బ దూరం నుంచి తగిలింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ అయ్యాక ప్రెస్‌ను పోటీల్లోంచి తీసేశారు. రానురాను లిఫ్టర్లు నడుం వెనక్కి విల్లులా వంచి నెట్టడం మొదలుపెట్టారు. ఏది సరైన ఎత్తో ఏది కాదో రిఫరీలకు తేలలేదు, వెన్నుపూసలకు ప్రమాదమన్నారు. కారణాలు సరైనవే, కాదనను. కానీ రాజగోపాలరావు గారి తరం మూడు ఎత్తుల తరం. వాళ్ల రికార్డుల పక్కన కొత్తవాళ్ల రికార్డులు పెట్టి చూసే దారి ఆ రోజుతో మూసుకుపోయింది. వస్తాదు గారు ఆ కబురు విని చాలాసేపు నా ప్లేట్లు తుడుస్తూ కూర్చున్నారు.

1981లో రాజగోపాలరావు గారు పోయారు. విజయవాడలో ఇండోర్ స్టేడియానికి ఆయన పేరు పెట్టుకున్నారు. వస్తాదు గారు ఆ బొమ్మకు దండ వేశారు. తర్వాత కొన్నేళ్లకు వస్తాదు గారూ పోయారు. ఆయన బొమ్మ ఎక్కడా పెట్టలేదు.

ఆయన ఉన్నన్నాళ్లూ నాకు ఒక పద్ధతి ఉండేది. సముద్రపు గాలి తగిలే సీమ మాది, గాలిలోనే ఉప్పు. దానికి మనిషి చెమట ఉప్పు తోడైతే గరుకు గీతల్లోంచి తుప్పు మొదలవుతుంది. సాధన అయ్యాక గోనెగుడ్డతో రుద్ది, కిరసనాయిలుతో కడిగి, మిషను నూనె రాసి, నేలకు తగలకుండా రెండు దుంగల మీద పడుకోబెట్టేవారు. ఆయన తర్వాత ఎవరికీ నా ఒళ్లు తుడవాలని తోచలేదు. తడి చేతులతో ఎత్తారు, నడుం ఎత్తు నుంచి పడేశారు. నాది రబ్బరు ప్లేట్ల జాతి కాదు, పోత ఇనుము. పడేస్తే అంచు పగులుతుంది. పగిలింది.

1986 ఆగస్టులో గోదావరి పొంగింది. పాకలో నీళ్లు నిలిచాయి. తీశాక నా మీద చేరిన ఒండ్రును ఎవరూ కడగలేదు, అది నా గొట్టాల్లోకి దిగి గట్టిపడింది. అంతకుముందు చేతిలో సులువుగా తిరిగే గొట్టాలు ఆ తర్వాత తిరగలేదు. గొట్టం తిరగని రాడ్డు మణికట్టును విరగ్గొడుతుంది. ఆ మాట చెప్పడానికి నాకు నోరు లేదు. 1996 నవంబరు తుపానుకు కోనసీమలో కొబ్బరిచెట్లు నేలకూలిన రాత్రి మా పాక కప్పు కూడా లేచిపోయింది. ఆంజనేయస్వామి పటాన్ని ఎవరో ఇంటికి తీసుకెళ్లారు. రాజగోపాలరావు గారి బొమ్మ వానకు నాని గోడ మీదే కరిగిపోయింది. కళ్ల ముందు జరిగింది, నేను లేవలేకపోయాను.

ఆ స్థలంలో ఎండు కొబ్బరి గోదాము లేచింది. నన్ను పెరట్లో పడేశారు. నా ప్లేట్లు చేలోకి వెళ్లాయి, ధాన్యం రాశి మీద కప్పిన పరదా గాలికి లేవకుండా నాలుగు మూలలా పెట్టారు. ఒకదానికి దూడను కట్టారు. ధాన్యాన్ని కాపాడటంలో నాకు చిన్నతనం లేదు, దూడ మీద కోపమూ లేదు. నాకు పగ ఉన్నది ఒక్క పనికే. వానాకాలం ఊబిలో ట్రాక్టరు చక్రం దిగబడితే, నన్ను చక్రం కింద దూర్చి ముగ్గురు కలిసి తొక్కారు. ట్రాక్టరు లేచింది. నేను వంగిపోయాను. దశాబ్దాల పాటు ఎంత బరువు పెట్టినా వంగి మళ్లీ నిటారుగా వచ్చినదాన్ని, ఆ రోజు వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను. వాళ్లు నన్ను గట్టు మీద వదిలి టీ తాగడానికి వెళ్లారు.

అలా గట్టు మీద పడి ఉన్న ఏళ్లలోనే, 2000 సెప్టెంబరులో, శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి సిడ్నీలో కాంస్యం గెలిచింది. 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, జెర్క్ 130. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. చేలో రేడియో పెట్టుకున్న మనిషి "మనమ్మాయేనంటండి, ఇనుపరాడ్డు ఎత్తిందంట" అని పక్కవాడికి చెప్పాడు. అతను నా మీదే కాలు పెట్టుకుని నిలబడ్డాడు.

చివరికి నన్ను, దొరికిన ప్లేట్లను పాత ఇనుము కొట్టుకు తూకానికి వేశారు. ఎవరు ఎంత ఎత్తారన్నది కొలిచిన నన్ను కాటా మీద పెట్టి కిలోకు ఇంతని లెక్క కట్టారు. తునకలు కావలసిన వారంలో ఒక హైస్కూలు వ్యాయామ మాస్టారు సైకిలు ఫ్రేము కోసం వచ్చి, తుప్పు కింద నా గరుకు గీతలు చూసి ఆగారు. వేలితో ఆ గీతలు తడిమి, "ఇది వెయిట్‌లిఫ్టింగు రాడ్డండీ, దీన్ని కొయ్యకండి" అన్నారు.

లేతు దగ్గర నా వంపు చాలావరకు తీశారు. గొట్టాల్లో ఒండ్రు కడిగారు. మాస్టారు 45 అని ఉన్న ప్లేటు మీద సుద్దతో 20.4 కిలోలు అని రాశారు. పెద్ద బరువులకు ఇక పనికిరానని ఆయనే తేల్చారు, పిల్లలకు పద్ధతి నేర్పడానికి ఉంచుకున్నారు. ఆయన వస్తాదు గారిలాగే తుడుస్తారు. స్టాఫు గదిలోంచి ఒక బొమ్మ తెచ్చి షెడ్డు గోడకు అంటించారు. దండమూడి వారి బొమ్మ, ఈసారి ప్లాస్టిక్ కాగితం తొడిగారు.

"ఈయన ఏం ఎత్తేవారు మాస్టారూ?" అని తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. ఆయన స్నాచ్, జెర్క్ చెప్పి, ప్రెస్ అనేది ఒకటి ఉండేదని, ఇప్పుడు పోటీల్లో లేదని చెప్పారు. అది ఎలా చేస్తారో చూపించమంది. ప్లేట్లు లేకుండా ఉత్త రాడ్డుతో చూపించారు. ఆ పిల్ల నన్ను భుజాల మీదికి తెచ్చుకుంది. మాస్టారు చప్పట్లతో సైగ చేశారు. మోకాలు వంచలేదు, నడుం వాల్చలేదు. నుదుటి దగ్గర ఆగాను, అక్కణ్ణించి నెట్టింది. మాస్టారు పుస్తకంలో ఏమీ రాసుకోలేదు, ఏ పోటీలోనూ ఆ ఎత్తుకు లెక్క లేదు. ఆ పిల్ల నన్ను దించి, అరచేతులు గౌనుకు తుడుచుకుని, "ఇంకోసారి చేస్తానండి" అంది.