ఫేవా ఒడ్డు ఎవరిది?

మా రోజుల్లో నేపాల్‌లోని ముక్తినాథ్ గుడికి బయల్దేరిన తెలుగువాళ్ళు దారిలో పోఖరాలో ఆగి తీరేవాళ్ళు. గోరఖ్‌పూర్‌లో రైలు దిగి, సునౌలీ దగ్గర సరిహద్దు దాటి, కొండదారి బస్సులో ఒళ్ళు హూనమై చేరేవాళ్ళం. ఆ పైన కాళీగండకి లోయలో రోజుల తరబడి నడక. డబ్బున్నవాళ్ళు జోమ్‌సోమ్ దాకా చిన్న విమానమెక్కేవాళ్ళు, అదీ మబ్బు విడిస్తేనే. అలా ఆగాం కాబట్టే ఆ ఊరిని కళ్ళారా చూశాం.

ఫేవా సరస్సు పక్కన అప్పుడు వరిమళ్ళు, మేసే గేదెలు, అక్కడక్కడా ఇళ్ళు. జలారీలనే అక్కడి జాలరులు పడవల మీంచి వలలు విసిరేవాళ్ళు. ఊరేమో ఎనిమిది వందల మీటర్ల ఎత్తులోనే, అరటి, నారింజ కాసే నేల. తలెత్తితే మాత్రం 6,993 మీటర్ల మచ్ఛపుచ్ఛ్రే! శివుడి కొండ అని దాన్ని ఎక్కనివ్వరు. తెల్లవారుజామున గాలి లేచేలోపు ఆ మంచుకొండ మొత్తం నీళ్ళలో కనబడేది. తాల్ బారాహి అమ్మవారి దీవికి పడవలో పోతూ చూసినవాళ్ళం, ఎలా మరిచిపోతాం?

ఇప్పుడు లేక్‌సైడ్ వీధిలో నిలబడితే సరస్సు ఎటుందని అడగాల్సి వస్తోంది. హోటలు మీద హోటలు, పాటల హోరు. ఒడ్డు నుంచి 65 మీటర్ల మేర కట్టడాలు ఉండకూడదని 2018లో నేపాల్ సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆక్రమణల తగాదా తెగలేదు. సరస్సు పడమటి వైపు ఇంకా అన్యాయం. హర్పన్ వాగు తెచ్చే మట్టికి, కొండల మీద అడ్డదిడ్డంగా తవ్విన రోడ్ల మట్టి తోడైంది. అసలే నేపాల్లో వానలు దంచికొట్టే ప్రాంతం. ఆ మట్టంతా సరస్సులోకే చేరి, నీళ్ళున్న చోట నేల తేలింది. మిగిలిన నీటి మీద గుర్రపుడెక్క. 2016లో పోఖరా లోయ సరస్సుల్ని రాంసర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. మట్టి రాక ఆగనిదే ఆ గుర్తింపు ఫేవాని ఎలా కాపాడుతుంది?

ఆ నడకదారిలో ఇప్పుడు పడిన జోమ్‌సోమ్ రోడ్డు మీద నాకు కోపం లేదు. మోకాళ్ళు అరిగిన మా అక్క కూడా జీపులో వెళ్ళి స్వామిని చూసుకుంది. 2023లో పోఖరాలో కొత్త విమానాశ్రయమూ తెరిచారు, సంతోషమే. నా బాధంతా నీళ్ళ గురించి. కొల్లేరుని చేపల చెరువులుగా కోసుకున్న జాతి మనది. సరస్సు ఎలా చస్తుందో మనకి ఒకరు చెప్పాలా?

ఈసారి ముక్తినాథ్ వెళ్ళేవాళ్ళని చేతులెత్తి అడుగుతున్నాను. పోఖరాలో రాత్రి దిగి, తెల్లారకుండా జీపెక్కి పోకండి. ఒక పూట ఆగండి. నీళ్ళని ఆనుకుని కట్టిన హోటల్లో గది తీసుకోకండి. అమ్మవారి పూలు తెచ్చిన ప్లాస్టిక్ సంచిని సరస్సులో వదలకండి.