శని వరండాలోనే ఉండాలి

స్టీల్‌ప్లాంట్‌లో ఏ-షిఫ్టు దిగి, ఇంటికొచ్చి అన్నం తిని నడుం వాల్చానో లేదో, నాలుగో తరగతి చదివే మావాడు వచ్చి చావుకబురు చల్లగా చెప్పాడు. "నాన్నా, సోమవారానికి సౌరకుటుంబం కావాలి."

ఉన్న కుటుంబాన్నే ఓ దారిలో పెట్టలేనివాణ్ణి, సౌరకుటుంబాన్ని ఎక్కణ్ణుంచి తేను? ఈ ప్రాజెక్టులు ఇచ్చేది పిల్లలకి, మార్కులు వేసేది పిల్లలకి, చేతులు ఫెవికాల్‌తో అంటుకుపోయేది మాత్రం తండ్రులకి.

సాయంత్రం ఇద్దరం డాబా గార్డెన్స్ వెళ్లాం. కొట్టతను థర్మాకోల్ బంతుల ప్యాకెట్టు ముందు పెట్టి, "సెట్టుకి ఎనిమిదే వస్తాయండి, ప్లూటో కావాలంటే విడిగా ఇస్తాను" అన్నాడు. మా చదువప్పుడు తొమ్మిది ఉండేవి. 2006లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యవాళ్లు ప్లూటోని మరుగుజ్జు గ్రహాల్లో కలిపేశారు. బళ్లో నేర్చుకున్నదాంట్లో నాకు గుర్తున్న ముక్క అదొక్కటే, అదీ పోయింది.

ప్యాకెట్టు విప్పగానే శుక్రుడు జారి కౌంటరు కిందకి దొర్లిపోయాడు. ఇదే డాబా గార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు గారు 1840లో సొంతంగా వేధశాల పెట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు నల్లచుక్కలా దాటిపోవడాన్ని పరిశీలించారు. కోట్ల కిలోమీటర్ల అవతల ఆయనకి దొరికిన శుక్రుడు, మూరెడు దూరంలో నాకు దొరకలేదు. కొట్టతను జాలిపడి ఇంకో బంతి ఇచ్చాడు.

అసలు గండం ఇంటి గుమ్మంలో ఉంది. శనికి వలయం కోసం మా ఆవిడ గాజొకటి అడిగేసరికి మా అమ్మ వంటింట్లోంచి వచ్చేసింది. "శనివారం పూట శనిని ఇంటికి తెచ్చావట్రా? పైగా గాజులు తొడుగుతావా?"

"ఎనిమిదింట్లో అదొకటి నాన్నమ్మా" అన్నాడు వీడు.

"ఎనిమిదేంట్రా? రాహువూ కేతువూ ఏమయ్యారు?"

"మా టీచర్ ఎనిమిదే అన్నారు."

"గుళ్లో ప్రదక్షిణం చేసి లెక్కపెట్టుకోమను మీ టీచర్ని."

వాదన తేలలేదు గానీ తీర్పు మాత్రం వచ్చేసింది. శని వరండాలో, చెప్పుల స్టాండు మీద. మిగిలిన ఏడుగురినీ రెండడుగుల అట్ట మీద అంటించాను. ఆఫీసు వేళ గాజువాక బస్సులో జనంలా ఒకళ్లనొకళ్లు నెట్టుకుంటూ నిలబడ్డారు. వాడు చూసి, "నిజంగా ఇంత ఇరుకా నాన్నా?" అన్నాడు.

అక్కడ దొరికిపోయాను. కాగితం తీసి లెక్క కట్టాను. సూర్యుడు ఫుట్‌బాల్ అయితే భూమి ఆవగింజ. మర్నాడు తెల్లారకుండానే బంతీ, పోపుడబ్బాలోంచి ఆవాలూ పట్టుకుని ఆర్కే బీచ్‌కి వెళ్లాం. కురుసుర సబ్‌మెరైన్ ముక్కు దగ్గర ఫుట్‌బాల్ పెట్టి నడిచాం. ఇరవై నాలుగు మీటర్లకి మన ఆవగింజ. దానికి ఆరు సెంటీమీటర్ల దూరంలో, గసగసం గింజకన్నా చిన్నగా చంద్రుడు. 2023 జూలై 14న శ్రీహరికోటలో బయల్దేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న దిగింది. అంటే నలభై రోజులు ప్రయాణం చేసింది ఈ నాలుగు వేళ్ల వెడల్పే! సబ్‌మెరైన్ పొడవు 91 మీటర్లు. అది దాటి ఇంకో ముప్ఫై మీటర్లు పోతే గానీ గోళీకాయంత గురుడు రాడు. నెప్ట్యూన్ ఏడువందల మీటర్ల అవతల. ఆ తర్వాతి నక్షత్రం పెట్టాలంటే 6,300 కిలోమీటర్లు నడవాలి. "టిఫిన్ చేసి వెళ్దాం నాన్నా" అన్నాడు వాడు.

ఇంతకీ శని ఎక్కడో చెప్పలేదు కదూ? 225 మీటర్ల దూరంలో. ఫుట్‌బాల్ మా హాల్లో ఉంటే శని వీధి చివర ఉండాలి. అంటే మా ఇంట్లో కొలత తెలిసి మాట్లాడింది మా అమ్మ ఒక్కతే. నేను వరండాలో పెట్టడమే దగ్గరైపోయింది.

సోమవారం అట్ట మీద ఏడు గ్రహాలే బడికి వెళ్లాయి. ఎనిమిదోది ఏదని టీచర్ అడిగితే, "బయట ఉందండీ, చాలా దూరం" అన్నాడట మావాడు. ఇందులో తప్పేమీ లేదు.

మీ ఇంట్లోనూ ఈ ప్రాజెక్టు పడితే థర్మాకోల్ మానేసి, పిల్లల్ని తీసుకుని బీచ్‌కో మైదానానికో వెళ్లండి. ఆవాలు మాత్రం గుప్పెడు ఎక్కువే పట్టుకెళ్లండి. సముద్రపు గాలికి మా భూమి మూడుసార్లు కొట్టుకుపోయింది.