చెక్కగోడ పద్యం: టీకా తాత్పర్య సహితం

ఆ.వె. అడ్డు చెక్కగోడ యవతల పారేసి
యుక్కు దూల మొకటి యుంచవలయు
మోయువాని దీయు ముందుగా నడుగుము
మోత యెవరి నెత్తి మోపవలెనొ

మూలమూ టీకా ఒకరివే కనుక ఇది స్వోపజ్ఞ వ్యాఖ్య. ఇందులో ఒక సుఖం ఉంది: కవి హృదయం అది కాదని ఎవరూ వాదించలేరు. మెదక్ సీమ కొల్చారం వాడని చెప్పే మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకొని కాళిదాసుకు వ్యాఖ్యలు రాశాడు. మహాకావ్యాలకు ఆ ఒట్టు చెల్లింది. నాలుగు పాదాల ఆటవెలదికి చెల్లదు.

అవతారిక: ఇంగ్లండులో విక్టోరియా రాణి కాలం నాటి వరసఇళ్లు ఒకదాని గోడ ఒకటి ఆనుకొని ఉంటాయి. కింద ముందొక గది, వెనకొక గది, నడుమ అడ్డుగోడ. అలాంటి ఇల్లు కొన్న తెలుగు గృహస్థుకు ఏ సంక్రాంతికో పదిమంది వచ్చినప్పుడు, సగం మంది ముందుగదిలో, సగం మంది వెనకగదిలో విస్తళ్ల ముందు కూర్చున్నప్పుడు, ఈ గోడ లేకపోతే ఎంత బాగుండునన్న కోరిక పుడుతుంది. ఆ కోరికతో బిల్డరును పిలిచే ముందు చదువుకోవలసిన పద్యమిది.

ప్రతిపదార్థం: అడ్డు చెక్కగోడ = నిలువు చెక్కలు నాటి, వాటిపై సన్నబద్దలు కొట్టి, సున్నపు గార మెత్తిన గోడను; అవతల పారేసి = విప్పి, ఇంటి ముందు అద్దెకు తెచ్చి పెట్టిన ఇనుపతొట్టిలో వేసి; ఉక్కు దూలము ఒకటి = ఇంజనీరు లెక్కగట్టి చెప్పిన దూలాన్ని (బిల్డరు కంటితో కొలిచి చెప్పినది కాదు); ఉంచవలయు = దాని స్థానంలో పెట్టాలి; మోయువానిన్ = ఇంతకాలం మోస్తున్నవాణ్ణి; తీయు ముందుగాన్ = తీయకముందే, తీశాక కాదు; మోత = పై అంతస్తు నేల, దాని మీది మంచాలు, బీరువాలు, నీళ్లతో నిండిన స్నానపు తొట్టి, అందులో మనిషి; ఎవరి నెత్తి మోపవలెనొ = ఎవరికి అప్పగించాలో; అడుగుము = అడిగి తెలుసుకో.

తాత్పర్యం: గోడ పోతుంది కానీ దాని మీది బరువు పోదు, ఇంకో చోటికి మారుతుంది, ఆ చోటు ఏదో ముందే తేల్చుకో.

విశేషాలు: "పారేసి" గ్రామ్యం. "పాఱవైచి" అనాలి. కానీ లండన్‌లో గోడను పాఱవైచినవారు కనబడలేదు, అందరూ పారేసినవారే. గోడ అమహద్వాచకం కదా, "మోయువాని" అని మహత్తుగా చెప్పడం దోషం కాదా? కాదు. నూరేళ్లకు పైగా కిక్కురుమనకుండా మోసినవాణ్ణి "అది" అనడమే దోషం.

ఇక అసలు వివాదం. గోడను తట్టి చూడు, డొల్లగా మోగితే అది బరువు మోయదని పూర్వపక్షం. తట్టేవారిలో పేరున్న బిల్డర్లూ ఉన్నారు. తార్కికులు దీన్ని సవ్యభిచార హేతువంటారు. మోసినా మోయకపోయినా చెక్కగోడ డొల్లగానే మోగుతుంది. నిలువు చెక్క మందం రెండంగుళాలు, చెక్కకూ చెక్కకూ ఎడం పదహారంగుళాల దాకా ఉంటుంది. తట్టిన వేలికి తగిలేది ఎక్కువగా ఖాళీయే. సిద్ధాంతం ఏమంటే, మేడెక్కి తివాచీ ఎత్తి చూడాలి. నేలపలకలు గోడ వెంబడి పరిచి ఉంటే, వాటి కింది దంతెలు గోడకు అడ్డంగా వచ్చి దాని నెత్తిన ఆనుతున్నాయని అనుమాన ప్రమాణం. పలకలే గోడకు అడ్డంగా ఉంటే కొంత ఊరట. పై గదిలో సరిగ్గా అదే వరసలో మరో గోడ ఉంటే ఆ ఊరటా లేదు. ఒక పలక పీకి టార్చి వేసి చూడడం ప్రత్యక్షం. ఇక శబ్ద ప్రమాణం అంటే ఆప్తవాక్యం, అనగా స్ట్రక్చరల్ ఇంజనీరు మాట. గోడను తట్టిన శబ్దం కాదు.

"ఉక్కు దూలము": పనిచోట అందరూ దీన్ని ఆర్.ఎస్.జె. అంటారు. లారీలో వచ్చేది మాత్రం యూనివర్సల్ బీమ్. ఫోటోకాపీని జిరాక్స్ అన్నట్టే ఇదీను. దాని మీద 203×133×25 అని ఉంటే ఎత్తు 203 మిల్లీమీటర్లు, వెడల్పు 133, మీటరుకు 25 కిలోలు అని అర్థం. నాలుగు మీటర్ల ముక్క క్వింటాలు తూగుతుంది. వాకిట్లోంచి లోపలికి తేవడానికి మనుషుల్ని ముందే మాట్లాడుకోవాలి. ఉక్కు వంగదనడం అర్థవాదం, స్తుతి మాత్రమే. వంగుతుంది. పైన తిరిగే మనుషులకూ సామానుకూ దూలం పొడవులో 360వ వంతుకు మించి వంగకూడదని ఇంజనీర్లు సాధారణంగా పెట్టుకునే హద్దు. నాలుగు మీటర్లకు అది పదకొండు మిల్లీమీటర్లు. మేడ మీద గారలో సన్నని బీట కనిపిస్తే కారణం ఇదీ కావచ్చు.

"ముందుగా": దంతెల కొసలు చాలాసార్లు గోడ నెత్తిమీదే కలుసుకుంటాయి. కనుక తాత్కాలికపు ఊతలు గోడకు రెండు వైపులా పెట్టాలి. ఒక వైపే పెట్టి రెండోది మరిచిన బిల్డరుకు సగం ఇల్లే తెలుసు. ఆ ఊతల పేరు అక్రో. గ్రీకు ధాతువు వెతికి శ్రమపడవద్దు. స్విట్జర్లాండు నుంచి వచ్చిన విలియం డి విజియే 1930లలో వీటి కంపెనీ పెట్టి, తన న్యాయవాది ఎ. క్రో పేరు దానికి తగిలించాడు. కింది నేల కూడా చెక్కదే అయితే ఊత కాళ్లు పలకల మీద ఆపితే చాలదు, గట్టినేల దాకా దించాలి.

అలంకారం విరోధాభాసం. చెక్క కాలుతుంది, ఉక్కు కాలదు. అయినా మంటనుంచి కాపాడవలసింది ఉక్కునే. దాదాపు 600 డిగ్రీల దగ్గర దాని బలంలో సగం పోతుంది. అందుకే దూలం చుట్టూ ప్లాస్టర్‌బోర్డు కప్పి, మామూలు రెండంతస్తుల ఇంట్లో అరగంట మంటకు ఆగేలా చేయాలి. విరోధానికి పరిహారం అదే.

"మోత యెవరి నెత్తి": పద్యమంతా ఈ పాదం కోసమే. గోడ ఉన్నప్పుడు బరువు దాని పొడవంతా పరుచుకొని దిగేది. దూలం వచ్చాక అదంతా రెండు కొసలకు చేరి, జానెడు కూడా లేని చోట ఇటుకల మీద కూర్చుంటుంది. నూరేళ్లనాటి మెత్తని ఇటుక నలుగుతుంది. అందుకే కొసల కింద కాంక్రీటు దిమ్మలు వేస్తారు. వాటి కింద పునాది సంగతీ చూస్తారు. ఆ కొస ఆనేది పక్కింటితో ఉమ్మడి గోడ అయితే "ఎవరి నెత్తి" అన్న ప్రశ్నకు జవాబు అక్షరాలా పక్కింటాయన. 1996 పార్టీవాల్ చట్టం ప్రకారం ఆయనకు రెండు నెలల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. పధ్నాలుగు రోజుల్లో ఆయన సమ్మతి రాసి ఇవ్వకపోతే వివాదమున్నట్టే లెక్క. సర్వేయరు వస్తాడు, ఆయన రుసుం సాధారణంగా మనదే. నోటీసు కంటే ముందు ఒక పళ్లెం అరిసెలు పంపడం చట్టంలో లేదు, ఆచారంగా పెట్టుకోవచ్చు.

గుంటూరు నుంచి అమ్మ ఫోనులో "దూలం కింద మంచం వెయ్యకు నాన్నా" అంటుంది. వేయకండి, అక్కడ ఎలాగూ డైనింగ్ టేబులు వస్తుంది.

పాఠకులకొక విన్నపం. పని మొదలుపెట్టే ముందే స్థానిక బిల్డింగ్ కంట్రోల్‌కు తెలపండి. దూలాన్ని ప్లాస్టర్‌బోర్డుతో కప్పేలోగా ఇన్‌స్పెక్టరు దాన్ని కళ్లారా చూడాలి. ఇంజనీరు లెక్కలూ, బిల్డింగ్ కంట్రోల్ ఇచ్చే కంప్లీషన్ సర్టిఫికెట్టూ పాస్‌పోర్టులతో పాటు దాచండి. ఇల్లు అమ్మేనాడు కొనేవారి సొలిసిటర్ వాటిని అడుగుతాడు.