లాస్ట్ ప్రైస్ చెప్పండి!

జీడిమెట్లలో ఏ బల్క్‌డ్రగ్ ఫ్యాక్టరీకి వెళ్ళినా పర్చేజ్ మేనేజరు గారిని ఇట్టే పోల్చుకోవచ్చు. ఎక్కువ డైరీలున్న టేబులు, ఎక్కువమంది వెంకటేశ్వరస్వాములున్న గోడ ఎవరివైతే ఆయనే. అందులో ఒక్కటీ డబ్బిచ్చి కొన్నది కాదు. గది బయట బెంచీ మీద సప్లయర్లు బ్యాగులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. లోపలికెళ్ళి నమస్కారం పెడితే ప్రతినమస్కారం రాదు. "లాస్ట్ ప్రైస్ చెప్పండి" అని వస్తుంది.

"టోలీన్ ఇంతకన్నా తగ్గిస్తే నాకు గిట్టదు సార్."

"గిట్టకపోతే ఇంత ఎండలో ఎందుకొచ్చావయ్యా?"

ఈ తర్కానికి జవాబు లేదు. సప్లయరు కిలోకి రూపాయి తగ్గిస్తాడు. ఆ రాత్రి మేనేజరు గారికి నిద్ర పట్టదు. అడగ్గానే తగ్గించాడంటే, ఇంకాస్త అడిగితే ఎంత తగ్గేవాడో!

మూడు కొటేషన్ల నియమం మీద ఆయనకున్న నిష్ఠ ఏకాదశి ఉపవాసం చేసేవాళ్ళకీ ఉండదు. ఒకటి సప్లయరుది, రెండోది అతని బావమరిదిది, మూడోది ఆ బావమరిది భార్యది. మూడింట్లోనూ ఒకే స్పెల్లింగ్ తప్పు. ఫైలు మాత్రం ఆడిటరు ముచ్చటపడేలా ఉంటుంది.

సరుకు ఒక్కరోజు ఆలస్యమైతే గంటగంటకీ ఫోన్ చేసే మనిషి, బిల్లు దగ్గరికొచ్చేసరికి వేదాంతి అయిపోతాడు. "చెక్కు సంతకానికి వెళ్ళింది" అంటాడు. అలా వెళ్ళిన చెక్కు తిరిగి రావడం ఎవరూ చూడలేదు. చిన్న సంస్థలకి 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలని 2006లోనే చట్టమొచ్చింది, ఆయన పట్టించుకోలేదు. గడువు దాటితే, డబ్బు కట్టిన ఏడాదిలో తప్ప ఆ ఖర్చుకి పన్ను మినహాయింపు రాదని 2023 ఫైనాన్స్ చట్టం మెలిక పెట్టాక మాత్రం అకౌంట్స్ వాళ్ళు చదివి వినిపించారు. ఇప్పుడు మార్చి వస్తే సప్లయర్లకి ఆయనే ఫోన్ చేస్తున్నాడు, "చిన్న సంస్థేనని చూపే మీ ఉద్యం సర్టిఫికెట్ పంపండి" అని.

ఇంతా చెప్పి, పాపం ఆయన్నొక్కణ్ణే ఆడిపోసుకోవడం న్యాయం కాదు. ఆర్‌అండ్‌డీ వాళ్ళు కొత్త మందుకి రూటు ఖరారు చేస్తారు. అందులో వాడే రియేజెంటు చైనాలో ఒకే ఒక్క కంపెనీ చేస్తుందని ఆయనకి తెలుసు. ఆయన్ని ఎవరూ అడగలేదు. ప్రొడక్షన్ వాళ్ళు శుక్రవారం సాయంత్రం ఐదింటికి ఇండెంటు పంపి, ‘అర్జెంట్’ కింద రెండు గీతలు గీస్తారు. సోమవారం పొద్దున్నే బ్యాచ్ ఎక్కాలట. ఎలాగోలా సరుకు సంపాదించుకొస్తే క్యూఏ అమ్మాయి వచ్చి, "సార్, ఈ వెండరు అప్రూవ్డ్ లిస్టులో లేడు" అంటుంది. ఏం కొనాలో ఒకరు, ఎప్పుడు కొనాలో ఇంకొకరు, ఎవరి దగ్గర కొనాలో మరొకరు తేల్చేశాక ఆయనకి మిగిలేది ‘ఎంతకి’ అన్నదొక్కటే. దాంతోనే పగ తీర్చుకుంటాడు.

ఆ పగకి ఖరీదుంటుంది. కిలోకి రెండు రూపాయలు తగ్గిందని తెచ్చిన సాల్వెంట్‌లో తేమ ఎక్కువై ఈల్డ్ పడిపోతుంది. మిగిలిన రెండు రూపాయలు పర్చేజ్ రిపోర్టులో, పోయిన లక్షలు ప్రొడక్షన్ రిపోర్టులో రాస్తారు. రెండు రిపోర్టులూ ఒకే బల్ల మీదికి రావు. 2020లో శానిటైజర్ల ధర్మమా అని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కోసం దేశమంతా ఎగబడ్డప్పుడు, సప్లయర్లు సకాలంలో డబ్బిచ్చినవాళ్ళని గుర్తుపెట్టుకున్నారు. మన ఆయన గది బయటి బెంచీ ఖాళీగా ఉంది.

చివరికి ఎండీ గారు కన్సల్టెంటును పిలిపించారు. ఆ కుర్రాడు పీటర్ క్రాల్యిచ్ 1983లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వేసిన నాలుగు గళ్ళ పద్ధతి తెరమీద చూపించాడు. ఏ సరుకు లేకపోతే కొంప మునుగుతుందో, ఏది వీధి చివర దొరుకుతుందో విడదీసి, ఒక్కోదాన్ని ఒక్కోలా కొనాలన్నాడు. మన ఆయన సరుకులన్నీ ఒకే గడిలో వేసి, దానికి ‘బేరమాడదగినవి’ అని పేరు పెట్టాడు.

తర్వాత టొయోటా కథ. 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లోని కరియాలో ఐసిన్ ఫ్యాక్టరీ తగలబడింది. టొయోటా కార్ల బ్రేకుల్లో వేసే ఒక చిన్న వాల్వు దాదాపుగా అక్కడొక్కచోటే తయారయ్యేది. లైన్లు ఆగిపోయాయి. వందకు పైగా సంస్థలు, కుట్టుమిషన్ల కంపెనీతో సహా, ముందు ధర తేల్చమనకుండా వాల్వులు చేసిచ్చాయి. వారం పదిరోజుల్లో కార్లు మళ్ళీ కదిలాయి. హాల్లో చప్పట్లు. మన ఆయన చెయ్యెత్తాడు.

"రెండో కొటేషన్ తీసుకోలేదా?"

అందరూ నవ్వారు గానీ, అందులో పాయింటుంది. అంతా ఒక్కడి మీదే పెట్టుకోవడం టొయోటా చేసిన తప్పే. అక్కడితో ఆగి ఉంటే ఆయన మేధావి అనిపించుకునేవాడు.

"పోనీ, తర్వాతైనా డిస్కౌంటు అడిగారా?"

ఆ వారమే ఆయన తలుపు మీద ‘స్ట్రాటజిక్ సోర్సింగ్ హెడ్’ అని కొత్త బోర్డు వెలిసింది. బోర్డు చేసినవాడికి ఇంకా డబ్బు ముట్టలేదు.

మీ ఫ్యాక్టరీలోనూ ఇలాంటి ఆయన ఉంటే, రూటు ఖరారు కాకముందే మీటింగుకి పిలవండి. ఏ రియేజెంటు ఎక్కడ దొరుకుతుందో, ఏ సప్లయరు మాట మీద నిలబడతాడో మీ కంపెనీలో అంత బాగా తెలిసినవాడు ఇంకొకడు లేడు. టీ మాత్రం మీరే చెప్పండి. ఆయనకి అప్పగిస్తే మూడు కొటేషన్లు వచ్చేదాకా అందరూ మంచినీళ్ళతో సరిపెట్టుకోవాలి.