ఏ కాలికి జత?

చిక్కడపల్లి, అశోక్‌నగర్‌లలో ఏ ఉద్యోగానికైనా కోచింగు దొరుకుతుంది. చెదలు తిన్న బల్లకాలికి జత దొరకడమే కష్టం. నాన్నగారి చదరపు రాతబల్ల కాళ్లు పాతకాలపు మంచం కోళ్లలా తరిమెన పట్టిన టేకు. పైన కడియాలు, కిందిదాకా నిలువు గాడులు. అందులో ఒకటి అడుగునుంచి అరిగిపోయింది.

అన్నాళ్లూ ఆ మూలను నిలబెట్టింది మేడమీద అద్దెకుంటున్న గ్రూప్-1 కుర్రాడే. సిటీ సెంట్రల్ లైబ్రరీ మూస్తేగానీ ఇంటికి రాడు. 2022 అక్టోబరులో రాసిన ప్రిలిమ్స్ రద్దయింది, 2023 జూన్‌లో మళ్లీ రాసిందీ రద్దయింది. ఆ రెండు ప్రశ్నపత్రాలూ మడిచి కాలికింద పెడితే అతికినట్టు సరిపోయాయి. చదువు వృథా పోదని పెద్దలు ఊరికే అన్లేదు.

చివరికి నారాయణగూడ సందులో ఓ వడ్రంగి షెడ్డు దొరికింది. అక్కడి కుర్రాడు కర్రను లేతుమీద గుండ్రంగా దించి, గాడుల దగ్గరికొచ్చేసరికి లేతు ఆపేస్తాడట. ఇక తిరిగేది రౌటర్, నిమిషానికి ఇరవై వేల చుట్లు. దాన్ని చెక్కపెట్టెకు బిగించి లేతు పొడుగునా తోస్తాడు. తలదగ్గర ఇరవై నాలుగు చిల్లుల చక్రం. చిల్లులో పిన్ను దూర్చి ఒక గాడి, రెండు చిల్లులు జరిపి ఇంకో గాడి. అలా పన్నెండు. వేరేవాళ్ల సోఫాకాలు మీద చేసి చూపించేసరికి టేకుపొడితో కనుబొమలు తెల్లబడి, పాతికేళ్లవాడు నాకు బాబాయిలా కనిపించాడు.

కడియాల వంపులకు అచ్చు కావాలి. 1819లో అమెరికాలో థామస్ బ్లాంచర్డ్ తుపాకుల కర్రపిడులకు చేసిన లేతుదీ ఇదే కిటుకు: నమూనాను ఓ చక్రం తడుముతుంటే కత్తి అలాంటిదే ఇంకోటి చెక్కుతుంది. నమూనా ఒక్కటే ఉండాలి మరి.

"ఏ కాలికి జత చెయ్యాల్నో చెప్పున్రి సార్" అన్నాడు.

"ఏదైనా ఒకటేగా!"

క్యాలిపర్ పెట్టి చూపించాడు. ఒక కాలి కడియం మిగతావాటికన్నా నాలుగు మిల్లీమీటర్లు లావు. ఇంకో కాలికి పదకొండే గాడులు. "మూడూ అన్నదమ్ములే సార్, కవలలు గావు." లెక్కల మాస్టారైన నాన్నగారు జీవితమంతా ఆ బల్లమీదే పేపర్లు దిద్దారు, కిందికి వంగి ఆ గాడులు లెక్కపెట్టిన పాపాన పోలేదు.

ఇంట్లో చర్చ జరిగింది. "గోడమూల కాలిని ఎవరు చూస్తారు? పన్నెండువాటిలో సన్నదానికి చేయించండి" అని మా ఆవిడ తేల్చేసింది. చేసిచ్చాడు, ఎత్తులు కూడా నాలుగింటికీ సరిచేశాడు. తీరా షాబాదుబండల మీద పెడితే బల్ల గునిసింది.

మేడమీద కుర్రాడు దిగొచ్చాడు. "కాళ్లు సమానమైతే చదరపు బల్లను పావుచుట్టు తిప్పేలోపే ఎక్కడో ఒకచోట నాలుగూ ఆనుతాయి అంకుల్. నేల అతుకుల్లేకుండా ఉండాలనుకోండి, అది వేరే సంగతి." తిప్పాం. అతుకులున్నా బండలు కరుణించాయి, బల్ల కదల్లేదు. సొరుగు మాత్రం గోడకేసి తిరిగింది. కరెంటు బిల్లు అందులోనే ఉంది, ఆఖరి తేదీ ఆవేళే.