గిరిజన జన్యువు కిలో ఎంత?

విశాఖ నుంచి అద్దాల రైలెక్కి అరకులో దిగిన పెద్దమనిషి పొట్ట లోపలికి పీల్చి సిద్ధాంతం వినిపిస్తాడు: "ఈ కొండల్లో బీపీ, గుండెపోటు ఉండవండీ. వీళ్ళ జీన్సే వేరు!" ఆ నోటితోనే రెండో బొంగు చికెన్ చెబుతాడు. సాయంత్రానికి తేనె సీసా, కాఫీ పొడి, 'నాళశుద్ధి' వేర్లు సంచిలో చేరతాయి. తాతల నుంచి రావలసింది సంతలో తూకానికి దొరుకుతుంటే ఇక దిగులెందుకు?

ఆ తేనె అమ్మిన ముసలమ్మ నోట్లో అడ్డచుట్ట ఉంది, నిప్పున్న కొన లోపలికి పెట్టుకుని. పొగాకు నాళాల లోపలి పొరను పాడుచేస్తుంది, ఎవరి జీన్స్ అని అడగదు. పట్టీ చుట్టి చూడని చేతికి బీపీ లేదనుకోవడం సులువే. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు మన రాష్ట్రంతో కలిపి తొమ్మిది రాష్ట్రాల గిరిజనులకు చుట్టి చూశారు. 2015లో అచ్చయిన లెక్కలో పెద్దవాళ్ళు నలుగురిలో ఒకరికి పైగానే రక్తపోటు తేలింది.

వయసూ ఎవరి జీన్స్ అని అడగదు. మహాధమనిని సాగనిచ్చే ఎలాస్టిన్‌ను ఒళ్ళు దాదాపుగా చిన్నతనంలోనే తయారుచేసి ఊరుకుంటుంది. రోజుకు లక్షసార్లు సాగి సాగి ఆ పోగులు తెగుతాయి, గోడ బిరుసెక్కుతుంది, పై బీపీ పెరుగుతుంది. అరకులోనైనా, అమీర్‌పేటలోనైనా.

బొలీవియా అడవుల్లోని చిమానే జాతిలో 80 ఏళ్ళవాళ్ళ గుండె నాళాలు యాభైల్లోని అమెరికన్లవిలా ఉన్నాయని 2017లో లాన్సెట్ రాస్తే మనవాడు చంకలు గుద్దుకుంటాడు. వాళ్ళు వేటకీ సేద్యానికీ రోజులో చాలాభాగం ఒళ్ళు వంచుతారన్న ముక్క దగ్గర మాత్రం పేజీ తిప్పేస్తాడు. బొర్రా గుహల మెట్లు చూసి పైనే కూలబడ్డవాడాయె!

జన్యువుకి బలం లేదని కాదు. తండ్రికి చిన్నవయసులో గుండెపోటొస్తే కొడుకు జాగ్రత్తపడాలి. అయితే చెడ్డ జన్యువులు మోసేవాళ్ళలోనూ పొగ మాని, బరువు తగ్గి, కదిలి, తిండి చూసుకున్నవాళ్ళకు ముప్పు దాదాపు సగమేనని 2016 నాటి పెద్ద అధ్యయనం చెప్పింది.

మన్యంలో నాళాలు మూసే జన్యువు నిజంగానే ఒకటుంది, సికిల్‌సెల్. అమ్మా నాన్నా ఇద్దరి నుంచీ వస్తే ఎర్రకణాలు కొడవళ్ళలా వంగి సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి, పసిపిల్లకు పక్షవాతం రావచ్చు. 2047కల్లా ఈ జబ్బు లేకుండా చేస్తామని కేంద్రం 2023 జూలైలో పథకం ప్రారంభించింది. ఈ జన్యువుని మాత్రం ఏ పర్యాటకుడూ పొగడడు, ఏ సీసా మీదా దీని పేరుండదు.

'జీన్సే వేరు' సిద్ధాంతం ఏలినవారికీ హాయే. కొండవాళ్ళను రక్తమే కాపాడుతుంటే పాడేరు అవతల డాక్టరెందుకు, బీపీ మాత్రలెందుకు, డోలీ నడిచే దారికి తారెందుకు?